ఒకే కటకంతో స్టీరియో ఛాయాచిత్రం: అద్దాల తొడుగులు

ఒకే కెమెరాకు ఉన్న ఒకే కటకం ముందు సమతల దర్పణాలో పట్టకాలో అమర్చిన చిన్న పెట్టెను తొడిగి, షట్టరు ఒక్కసారి నొక్కడంతో కుడి ఎడమ కళ్లకు చెందిన రెండు దృశ్యాలనూ ఒకే చట్రంలో పక్కపక్కన నమోదు చేసే పద్ధతి స్టీరియో ఛాయాగ్రహణంలో ఒక ప్రత్యేక శాఖ. మనిషి రెండు కళ్ల నడుమ ఎడం సుమారు 65 మిల్లీమీటర్లు ఉండడం వల్ల దగ్గరి వస్తువు ఒక్కో కంటికి ఒక్కో చోట కనబడుతుంది. ఈ తేడాను దృష్టిభేదం అంటారు. దీన్ని మెదడు లోతుగా గ్రహిస్తుంది. రెండు కటకాల స్టీరియో కెమెరా కొనే స్తోమత లేనివారికి, ఒకే కెమెరాను పక్కకు జరిపి రెండుసార్లు తీసేందుకు వీలులేని సన్నివేశాలకు అద్దాల తొడుగు మధ్యే మార్గంగా పుట్టింది. కదిలే వస్తువును కూడా ఒకే క్షణంలో రెండు కోణాల నుంచి పట్టుకోగలగడం దీని బలం. చట్రంలో సగాన్ని వదులుకోవలసి రావడం దీనికి చెల్లించే మూల్యం.

నిర్మాణం

ఈ పరికరాల్లో నాలుగు అద్దాల తొడుగు సామాన్య రూపం. కటకానికి ఎదురుగా, సరిగ్గా మధ్యలో, రెండు చిన్న అద్దాలు నిలువు అంచు దగ్గర ఒకదానితో ఒకటి కలిసి, ఆ అంచు కటకం వైపుకు ఉండేటట్లు నిలుస్తాయి. వాటికి కుడి ఎడమల కొంత దూరంలో, ఇంచుమించు వాటికి సమాంతరంగా, రెండు పెద్ద అద్దాలు ఉంటాయి. దృశ్యం నుంచి వచ్చిన కాంతి బయటి అద్దం మీద పడి లోపలికి మళ్లి, లోపలి అద్దం మీద పడి కటకం వైపు తిరుగుతుంది. అంటే రెండు పెరిస్కోపులను అడ్డంగా పడుకోబెట్టి ఒకదానికొకటి ఆనించినట్లుగా ఈ అమరిక పనిచేస్తుంది. బయటి అద్దాల కేంద్రాల మధ్య దూరాన్ని ఆధారదూరం అంటారు. సాధారణంగా దీన్ని కళ్ల ఎడానికి దగ్గరగా ఉంచుతారు. ప్రతి కిరణమూ రెండుసార్లు పరావర్తనం చెందుతుంది కనుక బొమ్మ కుడి ఎడమలు తారుమారు కావు. చట్రంలో ఎడమ సగం ఎడమ కంటికి, కుడి సగం కుడి కంటికి చెందిన దృశ్యాలను నేరుగా అందిస్తాయి. ఒకే అద్దంతో, సగం చట్రాన్ని సూటిగానూ తక్కిన సగాన్ని ప్రతిబింబంగానూ నింపే చౌక పద్ధతి కూడా ఉన్నది గాని, అందులో ఒక బొమ్మ తిరగబడి వస్తుంది కనుక చూసేటప్పుడు మళ్లీ ఒక అద్దం పట్టుకోవలసి వస్తుంది.

అద్దాలు ఖచ్చితంగా సమాంతరంగా ఉంటే రెండు సగాలూ రెండు వేర్వేరు దిక్కులను చూస్తాయి. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్ము చట్రం మీద 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకం అడ్డంగా సుమారు 40 డిగ్రీల మేర చూస్తుంది. దాన్ని రెండుగా చీలిస్తే ఒక్కో సగానికి 20 డిగ్రీలు దక్కుతాయి, ఆ సగం నడిమి గీత కటకం అక్షానికి 10 డిగ్రీలు పక్కగా ఉంటుంది. రెండు సగాలూ ఒకే వస్తువు మీదికి రావాలంటే ఆ 10 డిగ్రీలనూ అద్దాలే సరిదిద్దాలి. రెండు అద్దాల జోడు కిరణాన్ని వాటి నడుమ కోణానికి రెట్టింపు మేర మళ్లిస్తుంది కాబట్టి బయటి అద్దాన్ని లోపలి అద్దంతో సమాంతర స్థితి నుంచి 5 డిగ్రీలు తిప్పితే సరిపోతుంది. కొన్ని తొడుగుల్లో ఈ కోణాన్ని దగ్గరి, దూరపు వస్తువులకు తగినట్లు మార్చుకునే మీట ఉంటుంది; ఎక్కువ వాటిలో తయారీదారు రెండు మీటర్ల నుంచి అనంతం వరకు పనికివచ్చేటట్లు ఒకేచోట బిగించి ఇస్తాడు.

తొడుగు నాణ్యత అద్దాల రకంతోనే తేలిపోతుంది. గోడకు తగిలించుకునే మామూలు అద్దానికి వెండిపూత గాజు వెనుక వైపు ఉంటుంది కనుక గాజు ముందు ముఖం నుంచి వచ్చే బలహీనమైన రెండో ప్రతిబింబం అసలు బొమ్మ పక్కన నీడలా పడుతుంది. అందుచేత పూత ముందు ముఖం మీదే ఉన్న అద్దాలు వాడాలి. పాత జిరాక్స్ యంత్రాలలోనూ స్కానర్లలోనూ ఉండేవి ఈ రకమే, ఇంట్లో తొడుగు తయారుచేసుకునేవారికి అవి మంచి ముడిసరుకు. పూత బయటే ఉండడంతో గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి; గాలి ఊది దుమ్ము తొలగించడమే క్షేమం. అల్యూమినియం పూత పడిన కాంతిలో సుమారు 90 శాతాన్ని వెనక్కి పంపుతుంది కాబట్టి రెండు పరావర్తనాల తర్వాత 80 శాతం మిగులుతుంది. ఎక్స్‌పోజరులో ఇది మూడో వంతు స్టాపు నష్టం.

లోపాలూ సర్దుబాట్లూ

లోపలి అద్దాలు కలిసే అంచు కటకానికి మరీ దగ్గరగా ఉండడం వల్ల అది స్పష్టమైన గీతగా పడక, రెండు బొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొరబడే మసక పట్టీగా చట్రం మధ్యలో నిలుస్తుంది. ఈ పట్టీ వెడల్పు అపెర్చరు వ్యాసం మీద ఆధారపడుతుంది. అంచు కటకానికి 40 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నదనుకుంటే, 50 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్/2 దగ్గర తెరిచినప్పుడు పట్టీ 30 డిగ్రీలకు మించిపోయి ఇంచుమించు చట్రమంతా కలగాపులగం అవుతుంది. ఎఫ్/11కు మూసినప్పుడు అదే పట్టీ ఆరేడు డిగ్రీలకు కుదించుకుపోతుంది. అద్దాల తొడుగుతో తీసిన చిత్రాలు దాదాపు అన్నీ ఎఫ్/8 నుంచి ఎఫ్/16 మధ్య తీసినవే కావడానికి కారణం ఇది. మొబైలు ఫోను కటకం ద్వారం కొద్ది మిల్లీమీటర్లే కనుక అందులో ఈ పట్టీ సహజంగానే సన్నగా ఉంటుంది. అయితే ఫోను కటకం వెడల్పైన దృశ్యాన్ని చూస్తుంది కాబట్టి అద్దాల చివరలు దాటి పెట్టె గోడలు చట్రంలోకి వచ్చేస్తాయి, రెండింతల జూమ్ పెట్టుకుంటే గాని ఆ చిక్కు వదలదు.

రెండో చిక్కు నిలువు తేడా. మెదడు అడ్డంగా ఉన్న తేడాను లోతుగా చదువుతుంది గాని నిలువుగా ఉన్న తేడాను సహించదు. కళ్లు లాగినట్లయి తలనొప్పి వస్తుంది. ఒక్క బయటి అద్దం డిగ్రీలో పదో వంతు వెనక్కి వాలినా 50 మిల్లీమీటర్ల కటకం కింద ఆ సగం బొమ్మ 0.12 మిల్లీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. అడ్డంగా 6,000 పిక్సెళ్లున్న పూర్తి పరిమాణపు సెన్సరు మీద అది సుమారు 20 పిక్సెళ్లు. పనివాడితనం తెలిసేది ఇక్కడే: ఏ అద్దపు వెనుకనైనా మూడు మరల ఆధారం పెట్టి, దూరంగా ఉన్న మేడ పిట్టగోడ గీతను రెండు సగాల్లోనూ ఒకే ఎత్తుకు వచ్చేదాకా సవరించి, ఆ తర్వాత మరలను జిగురుతో బిగించేస్తారు. తొడుగును కటకం ముందున్న ఫిల్టరు మరకే బిగించడం వల్ల ఇంకో ఇబ్బంది వస్తుంది. ఫోకసు చేస్తున్నప్పుడు ముందు భాగం తిరిగే కటకమైతే తొడుగు కూడా దానితోపాటు తిరిగి పక్కకు ఒరిగిపోతుంది. ముందు భాగం కదలని కటకాలే ఈ పనికి తగినవి.

సగం బొమ్మ కటకం అక్షానికి పక్కగా ఏర్పడుతుంది కనుక ఎదురుగా ఉన్న చదునైన గోడ ఒక సగంలో ఎడమ అంచు పొడుగ్గా, రెండో సగంలో కుడి అంచు పొడుగ్గా ఉన్న సమలంబ చతుర్భుజంలా వస్తుంది. ఫిల్ము కాలంలో దీన్ని భరించడమే తప్ప గత్యంతరం లేదు. ఇప్పుడు స్టీరియోఫోటో మేకర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ రెండు సగాలను విడదీసి, వాలునూ ఈ వక్రతనూ దానంతట అదే సరిచేస్తుంది. అద్దాల తొడుగుకు మళ్లీ ప్రాణం పోసింది అద్దాల నాణ్యత కంటే ఈ సాఫ్ట్‌వేరేనని చెప్పినా తప్పులేదు.

చరిత్ర

అద్దాలకూ స్టీరియో దృష్టికీ సంబంధం ఛాయాగ్రహణం కంటే పాతది. చార్లెస్ వీట్‌స్టన్ 1838లో లండన్ రాయల్ సొసైటీకి వివరించిన మొదటి స్టీరియోస్కోపు రెండు అద్దాలతో చేసినదే. అప్పటికి దానిలో పెట్టి చూసేందుకు చేతితో గీసిన రేఖాచిత్రాలు తప్ప ఛాయాచిత్రాలు లేవు. డేవిడ్ బ్రూస్టర్ 1849లో కటకాలతో రూపొందించిన చిన్న పెట్టె 1851 లండన్ మహా ప్రదర్శన తర్వాత ఇంటింటి వినోదమైంది. కెమెరా ముందు అద్దాలు పెట్టి ఒకే పలక మీద రెండు దృశ్యాలనూ తీయవచ్చునని అమెరికాలో ఎఫ్.ఎ.పి. బార్నార్డ్ 1853లోనే సూచించాడు. ఇంగ్లండులో థియొడోర్ బ్రౌన్ 1890లలో స్టీరియోఫొటోడ్యూప్లికాన్ అనే తొడుగును మార్కెట్టులోకి తెచ్చాడు.

చిన్న ఫిల్ము కెమెరాలు వచ్చాక ఈ పరికరాలకు గిరాకీ పెరిగింది. 1930లలో లైట్జ్ సంస్థ లైకా కోసం స్టీరియోలీ అనే పట్టకపు తొడుగును, 1950లలో త్సైస్ ఇకాన్ సంస్థ తన కెమెరాల కోసం స్టెరిటార్‌ను తయారుచేశాయి. జపానులో పెంటాక్స్ తన తొడుగుతోపాటు చూసే పెట్టెను కూడా కలిపి అమ్మింది. నిలువు చట్రాలు మాత్రమే వచ్చే ఇబ్బందిని తప్పించడానికి బొమ్మలను పక్కకు తిప్పి ఒకదాని మీద ఒకటి పడేటట్లు చేసే తొడుగులు కూడా తర్వాత వెలువడ్డాయి. హాంగ్‌కాంగ్‌కు చెందిన లోరియో చౌకరకం ప్లాస్టిక్ తొడుగులతో డిజిటల్ కెమెరాల వారికి దీన్ని దగ్గర చేసింది.

దక్షిణ భారతంలో స్టీరియో చిత్రాలు చాలా ముందుగానే మొదలయ్యాయి. 1856లో మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడిగా నియమితుడైన లిన్నేయస్ ట్రైప్ మదురై, తిరుచిరాపల్లి, తంజావూరు ప్రాంతాల ఆలయాలను పెద్ద పలకల మీదనే కాక స్టీరియో జంటలుగానూ తీశాడు. అమరావతి శిల్పాలను మద్రాసు మ్యూజియంలో ఫొటో తీసినవాడూ అతడే. అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న తిరుపతి అతడి యాత్ర దారిలో పడలేదు. తెలుగు ప్రేక్షకులు ఈ విద్యను మొదట విరివిగా చూసింది సినిమాలో: 1984 నాటి మలయాళ చిత్రం మై డియర్ కుట్టిచాత్తన్, తెలుగులో చిన్నారి చేతనగా వచ్చినప్పుడు, ప్రేక్షకులు కళ్లద్దాలు పెట్టుకొని తెర లోతును చూశారు. తర్వాతి కాలపు త్రీడీ సినిమాల్లో వాడే సగం పారదర్శకమైన అద్దపు చట్రం వేరు సంగతి. దానిలో కెమెరాలు రెండు, అద్దం వాటి కటకాలను దగ్గరగా చేర్చేందుకే.

తిరుపతి ప్రాంతంలో ఉపయోగం

అద్దాల తొడుగు ఎక్కడ పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది తిరుపతి చుట్టుపక్కల తేలిగ్గా పరీక్షించవచ్చు, ఎందుకంటే చేతికందే దూరంలోని శిల్పం నుంచి ఆకాశానికి ఆనిన శేషాచలం వరకు అన్ని దూరాలూ ఇక్కడ ఉన్నాయి. 65 మిల్లీమీటర్ల ఆధారదూరానికి దగ్గరి హద్దు సుమారు 2 మీటర్లు. ఆధారదూరానికి ముప్పై రెట్ల కంటే దగ్గరి వస్తువులు చూపును ఇబ్బంది పెడతాయని ఛాయాగ్రాహకుల వాడుక సూత్రం. దూరపు హద్దును లెక్కతో చూడవచ్చు. 50 మిల్లీమీటర్ల కటకం కింద 50 మీటర్ల దూరంలో ఉన్న వస్తువుకూ అనంత దూరానికీ మధ్య తేడా పైన చెప్పిన సెన్సరు మీద దాదాపు 11 పిక్సెళ్లు. 500 మీటర్ల దగ్గర అది ఒక్క పిక్సెల్. 3 కిలోమీటర్ల దూరంలో పిక్సెల్‌లో ఆరో వంతు. తిరుపతి ఊరి మేడ మీద నుంచి తొడుగుతో తీసిన తిరుమల కొండ చిత్రం ఎంత అందంగా ఉన్నా గోడ మీద కాగితం అంటించినంత చదునుగానే ఉంటుంది. ఆ కొండకు లోతు రావాలంటే అదే సూత్రం ప్రకారం వంద మీటర్ల ఎడంతో రెండు చిత్రాలు తీయాలి; అది అద్దాల పని కాదు, నడక పని.

తొడుగు రాణించే చోటు గంగమ్మ జాతర. ఏటా మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో భక్తులు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. వేషధారి ఆగి నిలబడడు, జనం తోసుకుంటూనే ఉంటారు, దూరం రెండు మీటర్ల నుంచి ఐదారు మీటర్లకు మించదు. కెమెరాను పక్కకు జరిపి రెండోసారి నొక్కేలోగా చెయ్యి లేచిపోతుంది, వేపమండ ఊగిపోతుంది. రెండు కెమెరాలను జోడించి తీస్తే రెండు షట్టర్లూ ఒకే క్షణానికి పడేటట్లు చూసుకోవాలి. తొడుగులో షట్టరు ఒక్కటే కనుక ఆ బెంగ లేదు. పైగా రాయలసీమ మే నెల ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/11తో, అద్దాలు మింగే కాంతిని కలుపుకొన్నా, సెకండులో 160వ వంతు వేగం దొరుకుతుంది. తొడుగు అడిగే చిన్న అపెర్చరును ఆ ఎండ అడ్డు చెప్పకుండా ఇస్తుంది.

చంద్రగిరి కోటలో ఇంకో సౌకర్యం కనబడుతుంది. భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో మామూలు ఫొటోలు తీసుకోవచ్చు గాని ట్రైపాడ్ నిలబెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలి. తొడుగు బిగించిన కెమెరాను చేతిలో పట్టుకొనే తీయవచ్చు. అయితే రాజమహలు వెడల్పైన కట్టడం, తొడుగు ఇచ్చేది 18×24 మిల్లీమీటర్ల నిలువు చట్రం. మహలు మొత్తాన్ని పట్టించాలని వెనక్కి వెళ్లేకొద్దీ లోతు తరిగిపోతుంది. తోరణాల కింద నిలబడి స్తంభాల వరుసను పొడవునా చూస్తూ తీసిన చిత్రంలోనే స్టీరియోకు అర్థం ఉంటుంది. తలకోన విషయమూ అంతే. 82 మీటర్ల జలపాతం మొత్తం నిలువు చట్రంలో ఇమడాలంటే సుమారు 170 మీటర్ల దూరం పోవాలి, అక్కడి నుంచి నీటిధారకూ వెనుక బండకూ తేడా కనబడదు. మూడు మీటర్ల దూరంలో ఒక బండనో చెట్టు కొమ్మనో ముందు ఉంచుకొని, పడే తుంపరను దాని వెనుక చూపించడమే మార్గం. తిరుమల శిలాతోరణం ఈ విషయంలో మధ్యస్థంగా ఉంటుంది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఈ సహజ క్వార్ట్జైటు తోరణాన్ని మామూలు ఫొటోలో చూస్తే బండల గుట్టలో రంధ్రంలా కనిపిస్తుంది. స్టీరియో జంటలో తోరణపు పట్టెకూ దాని వెనుక ఖాళీకీ ఉన్న ఎడం విడిగా తెలుస్తుంది.

గుడిమల్లం దగ్గర మాత్రం ఈ తొడుగును పక్కన పెట్టడమే మేలు. రేణిగుంట సమీపంలోని పరశురామేశ్వరాలయంలో క్రీస్తుపూర్వపు శతాబ్దాలదిగా ఎక్కువమంది పండితులు భావించే లింగం సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు ఉంటుంది. దాని ముఖం మీద అపస్మారుడి భుజాలపై నిలబడిన శివుడు కుడిచేత పొట్టేలునూ ఎడమచేత చిన్న పాత్రనూ పట్టుకొని, ఎడమ భుజాన గొడ్డలితో, రాతిలో నుంచి బాగా పైకి ఉబికి ఉంటాడు. టి.ఎ. గోపీనాథరావు తన హిందూ ప్రతిమాశాస్త్ర సంపుటాల ద్వారా ఈ లింగాన్ని పండితలోకానికి పరిచయం చేసిన నాటి నుంచి నేటి వరకు ప్రచురితమైన చిత్రాల్లో ఎక్కువవి ఎదురుగా తీసిన చదునైన ఫొటోలే, అందుచేత శిల్పి స్తంభపు గుండ్రదనాన్ని దేహపు గుండ్రదనంతో ఎలా కలిపాడో వాటిలో తెలియదు. ఇది స్టీరియోకు అచ్చంగా తగిన వస్తువే. కాని గర్భాలయం చీకటిగా ఉంటుంది, తొడుగు ఎఫ్/11 అడుగుతుంది, ఎదురు ఫ్లాష్ వేస్తే ఉబ్బెత్తు అణిగిపోతుంది. విగ్రహం కదలదు కనుక, అనుమతి దొరికినప్పుడు, ట్రైపాడ్ మీద జారుపట్టీ బిగించి కెమెరాను 65 మిల్లీమీటర్లు జరిపి రెండు నిదానపు చిత్రాలు తీస్తే చట్రం పూర్తిగా దక్కుతుంది, నడిమి పట్టీ బెడదా ఉండదు. మాధవమాల కొయ్యబొమ్మలకూ ఇదే పద్ధతి నప్పుతుంది. చదునైన శ్రీకాళహస్తి కలంకారీకి ఏ స్టీరియో అవసరమూ లేదు.

శ్రీహరికోట నుంచి చంద్రుడికి

ఒకే కటకం ముందు అద్దాలు పెట్టి స్టీరియో తీసే ఆలోచన అన్నిటికంటే దూరం ప్రయాణించింది 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో నేడు ఉన్న శ్రీహరికోట నుంచి. 2008 అక్టోబరు 22న పీఎస్ఎల్‌వీ-సీ11 మోసుకుపోయిన చంద్రయాన్-1లో అహ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం తయారుచేసిన భూభాగ చిత్రణ కెమెరా, టీఎంసీ, ఉన్నది. అది చంద్రుడి ఒకే ప్రదేశాన్ని మూడు కోణాల నుంచి, అంటే నిట్టనిలువుగా కిందికి, 25 డిగ్రీలు ముందుకు, 25 డిగ్రీలు వెనక్కు చూస్తుంది. మూడింటికి మూడు కెమెరాలు పెట్టక, కింది దృశ్యాన్ని సూటిగానూ ముందు వెనుక దృశ్యాలను అద్దాల ద్వారా మళ్లించీ ఒకే కటక సముదాయంలోకి పంపారు. వెనుక ఒక్కొక్కటి 4,000 పిక్సెళ్లున్న మూడు వరుసల సెన్సర్లు వాటిని విడివిడిగా నమోదు చేశాయి. 100 కిలోమీటర్ల ఎత్తున ఒక్కో పిక్సెల్ 5 మీటర్ల నేలకు సమానం, చిత్రపట్టీ వెడల్పు 20 కిలోమీటర్లు.

చేతి కెమెరా తొడుగుకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఇక్కడ ఆధారదూరాన్ని ఇచ్చేది అద్దాల మధ్య ఎడం కాదు, వ్యోమనౌక ప్రయాణం. ముందు చూపుతో ఒక గోతిని చూసిన కెమెరా సుమారు 90 కిలోమీటర్లు ముందుకు సాగాక వెనుక చూపుతో మళ్లీ అదే గోతిని చూస్తుంది. సెకండుకు ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో నడిమి వ్యవధి రమారమి ఒక నిమిషం. చంద్రుడి మీద గాలి లేదు, నీరు లేదు, ఆ నిమిషంలో కదిలేది ఏదీ లేదు కనుక ఒకే క్షణపు నియమాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చు. అద్దాలతో దక్కింది బరువు తగ్గడం, మూడు దృశ్యాలకూ ఒకే కటకం గుణదోషాలు వర్తించడం. ఈ కెమెరా చిత్రాల ఆధారంగా ప్రొసెల్లారమ్ మహాసముద్రం అనే లావా మైదానంలో సుమారు 1.7 కిలోమీటర్ల పొడవున్న కూలని లావా సొరంగాన్ని భారత శాస్త్రజ్ఞులు గుర్తించారు. 2009 ఆగస్టు చివరలో నౌకతో సంబంధాలు తెగిపోయాయి.

చంద్రయాన్-1కు ముందు 2005 మే 5న శ్రీహరికోట నుంచే వెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహం భూమిని 26 డిగ్రీలు ముందుకు, 5 డిగ్రీలు వెనక్కు వంచిన రెండు వేర్వేరు కెమెరాలతో 2.5 మీటర్ల స్పష్టతతో స్టీరియోగా తీసింది. దేశపు డిజిటల్ ఎత్తుల పటానికి ఆధారం దాని చిత్రాలే.

చూసే పద్ధతులు

తొడుగుతో తీసిన చట్రాన్ని పోస్టుకార్డు పరిమాణంలో ముద్రించి బ్రూస్టర్ తరహా కటకాల పెట్టెలో పెట్టి నేరుగా చూడవచ్చు. కత్తిరించి అతికించే పని లేకపోవడం ఈ పద్ధతికున్న సుఖం. ఎరుపు, నీలియాకుపచ్చ కళ్లద్దాలతో చూసే అనాగ్లిఫ్ ముద్రణ పత్రికలకు తగినది గాని, వేషధారి ముఖాన పూసిన కుంకుమ రంగు అందులో నలిగిపోతుంది. స్లైడులైతే అదే తొడుగును ప్రొజెక్టరు ముందు బిగించి, రెండు సగాలకూ లంబదిశల్లో ధ్రువణ ఫిల్టర్లు పెట్టి, ధ్రువణాన్ని చెడగొట్టని వెండి తెర మీద వేసేవారు. ఇప్పుడు ఫోనును అట్టపెట్టెలో దోపుకొని చూడడం అన్నిటికంటే చౌక. దాచిపెట్టేటప్పుడు విడదీసిన జంటతోపాటు కోయని అసలు చట్రాన్ని కూడా ఉంచాలి. జేపీఎస్ అనే స్టీరియో ఫైలు పద్ధతిలో వాడుకగా కుడి కంటి బొమ్మ ఎడమ పక్కన ఉంటుంది గనుక, తొడుగు ఇచ్చిన వరుసకు అది సరిగ్గా తలకిందులు.